మండపేట నుంచి మేకప్‌కి

అందరూ కాశీ వెళ్తారు. కొందరు కేదారం దాకా వెళ్తారు. మా వీధిలో ఒకాయన సింగపూరు వెళ్లొచ్చి మూడేళ్లయింది, ఇప్పటికీ బియ్యం కొట్లో నిలబడి దాని గురించే చెబుతున్నాడు. నేను అమీర్‌పేట వెళ్లొచ్చాను. అక్కణ్ణుంచి కాలినడకన పంజాగుట్ట కూడా వెళ్లాను. రెండింటికీ మధ్య కిలోమీటరున్నర ఉంటుందని అక్కడివాళ్లంటారు. నా మోకాళ్ల లెక్క వేరు. వెళ్లనివాళ్ల కోసం, వెళ్లినా కోచింగు సెంటర్లు తప్ప ఏమీ చూడనివాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

ముందు ఎందుకు వెళ్లానో చెప్పాలి. మండపేటలో నాకు పెయింట్ల షాపుంది. దాంతోపాటు ఒక సేవా క్లబ్బులో సభ్యత్వమూ ఉంది. క్లబ్బు పేరు చెప్పను. చెబితే పోయిన వేసవిలో మీ ఇంటికొచ్చి చలివేంద్రానికి చందా పట్టుకెళ్లిన మనిషి నేనేనని గుర్తుపడతారు. ప్రతి గురువారం సాయంత్రం ఏడింటికి ఇత్తడి గంట కొట్టి సమావేశం మొదలుపెడతాం. రక్తదానం, కళ్లజోళ్లు, బడికి బెంచీలు అన్నీ మధ్యలో నడుస్తాయి. మొదట గంట, చివర పకోడీ మాత్రం తప్పవు. పదకొండేళ్లుగా నేను ఒక్క గురువారం కూడా మానలేదు. జ్వరమొస్తే దుప్పటి కప్పుకుని వెళ్లాను. ఒకసారి తుఫానులో వెళ్తే గంట కొట్టడానికి మా అధ్యక్షులు వీర్రాజు గారు, వినడానికి నేను, ఇద్దరమే ఉన్నాం. పకోడీలు మాత్రం నలభై మందికి సరిపడా ఉన్నాయి. వృథా కానివ్వలేదు.

అలాంటివాణ్ణి మొన్నొక గురువారం మా బావమరిది గృహప్రవేశంలో ఇరుక్కుపోయాను. ఆ ఇంటికి రంగులు ఇచ్చింది నేనే. నేను వెళ్లి మెచ్చుకోకపోతే ఇంకెవరు మెచ్చుకుంటారు?

ఇలా మానినవాడికి మా క్లబ్బులో ఒక దారుంది. రెండు వారాల్లోపు ఏ ఊళ్లోనైనా మా సోదర క్లబ్బు సమావేశానికి వెళ్లి, అక్కడి అధ్యక్షుల చేత చిన్న కార్డు మీద సంతకం చేయించుకొస్తే పోయిన హాజరు పూడిపోతుంది. దీన్ని మా భాషలో 'మేకప్' అంటాం. దేశంలో ఏ మూల క్లబ్బువాళ్లకైనా ఈ మాట తెలుసు. క్లబ్బువాళ్లకి తప్ప ఇంకెవరికీ తెలియదన్న సంగతే నాకు ఆలస్యంగా తెలిసింది.

"మేకప్‌కి హైదరాబాదు వెళ్తున్నాను" అన్నాను మా ఆవిడ సత్యవతితో.

నన్ను కిందనుంచి పైదాకా ఒకసారి చూసింది. "అవసరమేలెండి. కానీ అది హైదరాబాదువాళ్ల వల్ల మాత్రం అవుతుందా?" అంది.

పక్కనే రామచంద్రపురంలో సోదర క్లబ్బుంది. కానీ వాళ్లు మేకప్‌కొచ్చినవాడికి టీ, పిడికెడు మిక్చరు ఇచ్చి పంపేస్తారు. హైదరాబాదులో ఆదివారం మధ్యాహ్నం భోజనంతో సమావేశమని క్లబ్బు డైరెక్టరీలో ఉంది. అందులో ఉన్న నంబరుకే ఫోన్ చేశాను.

"హలో, మండపేట నుంచండి, పెయింట్ల సూరిబాబుని. ఆదివారం మీ దగ్గరికి మేకప్‌కి వద్దామనుకుంటున్నాను."

అవతల్నుంచి ఒక్కసారిగా కేక. "అరె, దేవుని లెక్క ఫోన్ చేసినవ్ అన్న! మేకప్ కోసమే చూస్తున్నం మేము. ఎంత తీస్కుంటవ్?"

"నేను తీసుకోడమేంటండీ? భోజనానికి నేనే ఇచ్చుకోవాలి కదా."

"ఉల్టా నువ్వే ఇస్తవా? నీ అసుంటోన్ని ఎన్నడు చూడలే అన్న! చెయ్యి తిరిగినోనివేనా?"

"పదకొండేళ్ల అనుభవమండీ."

"పదకొండేండ్లా! ఐతే ఫికర్ లేదు. జర ఒక్క రోజు ముందుగాల రా అన్న. ముఖాలు సుత చూస్కుంటవ్."

ముఖపరిచయం కాబోలనుకున్నాను. రాజధానివాళ్ల మర్యాదే వేరని సత్యవతికి చెప్పి పొంగిపోయాను.

అమీర్‌పేట: కాగితాల వాన

శనివారం పొద్దున్న అమీర్‌పేట మెట్రో మెట్లు దిగాను. ఆ మెట్లు ఎన్నో లెక్కపెడదామనుకున్నాను గానీ నూటయాభై దగ్గర ఆయాసమొచ్చి, దిగడానికి ఆయాసమేంటని సిగ్గేసి మానేశాను. కింద అడుగు పెట్టగానే చేతిలో ఒక కాగితం పడింది. తల ఎత్తేసరికి రెండోది. రోడ్డు దాటేసరికి నా చేతిలో ఒక రీము ఉంది. అన్నీ కంప్యూటరు కోర్సులవే. నలభై రోజుల్లో ఉద్యోగం అని ఒకటి, ముప్పై రోజుల్లో అని ఒకటి. ఇంకో పది అడుగులు నడిస్తే నిన్ననే ఉద్యోగం ఇచ్చేసేవాళ్లేమో.

నా వయసువాడే ఒకాయన బల్ల వేసుకుని కూర్చుని ఆపాడు. "సార్, జావానా, టెస్టింగా?"

"నాకు పెయింట్ల షాపుందండీ."

"ఐతే గ్రాఫిక్స్ చేయండి సార్. డెమో ఫ్రీ."

మా ఊళ్లో బోర్డు మీద మనిషి పేరుంటుంది, కింద కొట్టు పేరుంటుంది. ఇక్కడ బోర్డు మీద బోర్డు, దాని మీద ఇంకో బోర్డు, వాటి వెనకాల ఎక్కడో భవనం ఉందని జనం నమ్మకం. ఇన్ని బోర్డులకి పెయింటు ఎవరు అమ్ముతున్నాడా అని నా కడుపు కొంచెం మండింది. తీరా చూస్తే అన్నీ ఫ్లెక్సీలు. మంట తగ్గి, బాధేసింది.

మా ఊళ్లో ఎవరినైనా దారి అడిగితే పని మానుకుని ఇంటిదాకా తీసుకెళ్లి, మనింటి సంగతులూ మన చేత చెప్పించుకుంటారు. ఇక్కడ ఇడ్లీ బండి ఆమెని అడిగితే గరిటె ఎత్తి చూపించింది. అంతే. గరిటె చూపిన దిక్కుకి నడిచాను. నాలుగు ఇడ్లీ నలభై రూపాయలు. చట్నీ మాత్రం ఎన్నిసార్లడిగినా పోసింది కాబట్టి నేను ఈ నగరాన్ని క్షమించాను.

ఒక సంచి, ఎనిమిది ముఖాలు

నాతో ఫోన్లో మాట్లాడినాయన పేరు శంకర్. ఒక సందులో జిరాక్సు షాపు నడుపుతాడు. కోచింగు నోట్సు కాపీలు తీసి, స్పైరల్ బైండింగ్ చేసి అమ్ముతాడు. మనిషి నిలువెత్తు, నవ్వు అడ్డంగా మూరెడు. క్లబ్బులో చేరి మూడు నెలలే అయినా, క్లబ్బు ఫోను అతని దగ్గరే ఉంటుందట. నన్ను చూడగానే మిషను ఆపి ఎదురొచ్చి కౌగిలించుకున్నాడు.

"రా అన్న రా! అరె, ఇరానీ చాయ్ తాగుదాం నడువు."

ఇరానీ చాయ్ ఇరవై రూపాయలు. కప్పు ఎంత చిన్నదంటే మా ఊళ్లో హోమియోపతి మందు అంతకన్నా ఎక్కువ పోస్తారు. కానీ ఒక గుక్క తాగాక మాట వెనక్కి తీసుకున్నాను. ఉస్మానియా బిస్కెట్లు ఆరు తిన్నాను. శంకర్ నాలుగన్నాడు. సామాను బల్ల మీద పెట్టమన్నాడు. పరాయి క్లబ్బుకి వెళ్లినవాళ్లు తమ పతాకం ఇచ్చి వాళ్ల పతాకం పుచ్చుకోవడం మా ఆచారం. నా సంచిలో ఉన్నవి ఆ పతాకం, రెండు కిలోల తాపేశ్వరం కాజాలు, మార్చుకోడానికి చొక్కా.

"సామాను గింతేనా అన్న?" శంకర్ సంచి బరువు చూశాడు. "ఎనిమిది మందికి చాల్తదా?"

"ఎనిమిది మందేనా?" అన్నాను. మహానగరంలో ఇంత పేరున్న క్లబ్బుకి ఎనిమిదిమందే వస్తారా అని జాలేసింది. అడుగుతున్నది పతాకం గురించేననుకున్నాను. "మా దగ్గర నలభైమందికి కూడా ఇది ఒక్కటే చాలండీ. ఒక్క నిమిషంలో అయిపోతుంది."

"ఒక్క నిమిషం!" శంకర్ చేతిలో బిస్కెట్టు చాయ్‌లో పడిపోయింది. "రాజు గడ్డం సుత గా నిమిషంల్నే?"

వాళ్ల క్లబ్బులో రాజు అనే గడ్డమాయన ఎవరో ఉన్నాడనుకున్నాను. "ఆయనకి ఇంకాస్త వంగి ఇస్తాను" అన్నాను మర్యాదగా.

శంకర్ నా చెయ్యి రెండు చేతులతో పట్టుకుని చాలాసేపు ఊపాడు.

పంజాగుట్ట: గాలి మిషన్ల గది

ఎండలో నడిపించి పంజాగుట్ట తీసుకెళ్లాడు. ఫ్లైఓవరు కింద రోడ్డు దాటడానికి పట్టిన సమయంలో మా ఊళ్లో రెండు గదులకి ప్రైమరు కొట్టేయొచ్చు. పెద్దాసుపత్రి దగ్గరపడేకొద్దీ మందుల షాపులు, పళ్ల బళ్లు, స్కానింగు కవర్లు చంకన పెట్టుకున్న జనం. ఆ వెనక సందులో క్లబ్బుకి ఒక చిన్న గది ఉంది. ఆసుపత్రి నుంచి ఇంటికెళ్లే రోగులకి వీల్‌చైర్లు, వాకర్లు, తల వైపు ఎత్తుకునే మంచాలు, ఆక్సిజన్ మిషన్లు అక్కణ్ణుంచి ఉచితంగా ఇస్తారు. పని అయ్యాక తిరిగి తెచ్చి పెట్టాలి. మా మండపేట క్లబ్బులో ఇలాంటిది లేదు. గంట మాత్రం మాదే పెద్దది.

గది తలుపు దగ్గర ఒకామె కూర్చుని ఉంది. నలభై అయిదేళ్లుంటాయి. ముతక చీర, చేతిలో గుడ్డ సంచి. శంకర్‌ని చూసి లేచింది.

"గ్రేసమ్మ" అని పరిచయం చేశాడు శంకర్. "మా సందుల లేడీస్ హాస్టల్ల వంట చేస్తది. అక్క, గీ అన్నే! ఆంధ్రా నుంచి మన పని కోసమే వచ్చిండు."

ఆమె నాకు దణ్ణం పెట్టింది. మేకప్‌కొచ్చినవాడికి ఇంత గౌరవమా అని నేను కాలరు సరిచేసుకున్నాను.

"సోమవారం పంపేస్తామన్నారండి మా ఆయన్ని" అంది శంకర్‌తో. "ఇంట్లో గాలి మిషనుంటేనే పంపుతామన్నారు. లేకపోతే ఇంటికి తీసుకెళ్లడం కుదరదన్నారు. మొన్నటి నుంచి ఆయన ఒకటే అడుగుతున్నారండి, గ్రేసూ, ఇంటికెప్పుడు అని."

లోపల రెండు మిషన్లుండే చోటు ఖాళీగా ఉంది. రెండూ ఎవరెవరి ఇళ్లలోనో పనిచేస్తున్నాయి. మూడో మిషను కొనడానికే ఆదివారం సాయంత్రం కార్యక్రమం పెట్టారట. టికెట్లన్నీ అమ్ముడుపోయాయి. కార్యక్రమం అవగానే సోమవారం పొద్దున్నే మిషను ఇంటికి పంపుతానని షాపాయన ఒప్పుకున్నాడు. ఏ కార్యక్రమమో నేను అడగలేదు. అడిగితే ఈ కథ ఇక్కడే ముగిసేది.

"ఆయన ఏం చేస్తారమ్మా?" అన్నాను.

"పెయింటరండి. దేవదానం అంటే యూసుఫ్‌గూడలో అందరికీ తెలుసు. ముప్పై ఏళ్లు గోడలు గీకారండి. ఆ సాండ్‌పేపరు దుమ్మంతా ఊపిరితిత్తుల్లోకి పోయిందన్నారు డాక్టరు."

నేను రోజుకి ఎన్ని సాండ్‌పేపర్లు అమ్ముతానో నాకు తెలుసు. పదిని వందగా చెప్పడం నాకు పుట్టుకతో వచ్చిన రోగం. ఆ లెక్క మాత్రం పెంచి చెప్పలేదు, తగ్గించీ చెప్పలేదు. గోడవారనున్న వాకర్లని వరుసగా సర్దడం మొదలుపెట్టాను.

బనియన్ల సభ

ఆదివారం మధ్యాహ్నం పంజాగుట్టలోని చిన్న హాలుకి ఇస్త్రీ చొక్కా, కాలరుకి క్లబ్బు బిళ్ల, చంకలో పతాకంతో వెళ్లాను. భోజనం వాసన రాలేదు. గంటా కనిపించలేదు. వెనక గదిలో ఎనిమిదిమంది పెద్దమనుషులు బనియన్లతో, మెడ చుట్టూ తువ్వాళ్లతో బెంచీల మీద వరుసగా కూర్చుని నా వైపే చూస్తున్నారు. మేం ప్రార్థన గీతం నిలబడి పాడతాం. హైదరాబాదులో చొక్కాలిప్పి కూర్చుని పాడతారు కాబోలనుకుని నేనూ మొదటి గుండీ విప్పాను.

మధ్యలో కూర్చున్నాయన అధ్యక్షులు రామ్మోహన్ రావు గారు. నీళ్ల శాఖలో ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. బట్టతల, కుంకుడుకాయ రంగు కళ్లజోడు. నేను వంగి, పతాకంతో పాటు హాజరు కార్డు కూడా ఆయన చేతిలో పెట్టాను.

"ఏంటండీ ఇది?" అన్నారాయన.

"కార్డండి. మేకప్‌కి."

ఆయన కార్డు చదివారు. తిరగేశారు. నా కాలరు మీది బిళ్ల చూశారు. మెల్లగా మెడమీది తువ్వాలు తీసేశారు.

"శంకరం, ఈయన్ని ఎక్కణ్ణుంచి పట్టుకొచ్చావయ్యా?"

"ఆంధ్రా నుంచి సార్. పదకొండేండ్ల తజుర్బా. పైసలు సుత వద్దంటుండు."

"ఈయన హాజరు మేకప్‌కొచ్చాడయ్యా! మనలాంటి క్లబ్బు మెంబరు!"

"మేకప్ అంటే మేకప్ గాదా సార్?"

"చేరిన రోజున నీకో నిబంధనల పుస్తకం ఇచ్చాం. చదివావా?"

"నా షాపుల అయిదు వందల పుస్తకాలున్నయ్ సార్. గందుల ఏదని చదవాలె?"

అప్పుడు అర్థమైంది నాకు. మామూలు సమావేశం రద్దు చేసి, ఆ సాయంత్రం వాళ్లు నాటకం వేస్తున్నారు. రామ్మోహన్ రావు గారు సొంతంగా రాసిన 'కుళాయిపురం మహారాజు'. ఊరి కుళాయి ఎండిపోతే చివరి కడవ నీళ్లు జనానికిచ్చి దాహంతో ప్రాణాలు విడిచే రాజు కథ. రాజు వేషం ఆయనదే. మంత్రి శంకర్. డబ్బుల దగ్గర బేరం తెగక నానుతున్న మేకప్ ఆయన లక్డీకాపూల్‌లో ఉంటాడు. నేను ఉచితంగా దొరికాను కాబట్టి శంకర్ ఆయన్ని రావద్దని చెప్పేశాడు.

వెంటనే ఆయనకి ఫోన్ చేశారు. గదంతా వినబడింది జవాబు. "నిన్న వద్దన్నరు. గిప్పుడు పెండ్లిపిల్ల ముందల కూసున్న. కుదరదు భాయ్."

"మేకప్ లేకుండానే ఆడేద్దామండీ" అన్నారు రాణి వేషం వేయాల్సిన కంటి డాక్టరు గారు. ఆయనకి పుష్టిగా మీసాలున్నాయి.

రామ్మోహన్ రావు గారు లేచి నిలబడ్డారు. "ఈ బట్టతలతోనా? నన్ను రోజూ పాల ప్యాకెట్టుతో చూసే జనమండీ వాళ్లు! మహారాజు అనుకోరు, వాటరు బోర్డు రామ్మోహన్ రావు మళ్లీ నీళ్ల గురించి మొదలెట్టాడనుకుంటారు. మొదటి అంకంలోనే లేచి టికెట్టు డబ్బులు వెనక్కిమ్మంటారు. ఈ హాలు మళ్లీ దొరకాలంటే నెలన్నర."

నెలన్నర అన్న మాట దగ్గర గుమ్మంలో గిన్నె చప్పుడైంది. హాస్టల్ వంటింట్లోంచి నటులకని పులిహోర చేసి తెచ్చిన గ్రేసమ్మ. అంతా విందన్నమాట. గిన్నె కింద పెట్టింది. కొంగుతో చేతులు తుడుచుకుంది. ఒక్కొక్క ముఖాన్నీ బియ్యం ఏరినట్టు చూసింది.

"గడ్డాలు ఎన్ని కావాలండి?" అంది.

బనియన్లన్నీ ఒకేసారి ఆమె వైపు తిరిగాయి.

"మా చర్చిలో ఏటా క్రిస్మస్ నాటకానికి గడ్డాలు నేనే పెడతానండి. గొల్లలకి నల్లవి, జ్ఞానులకి తెల్లవి. ఎన్ని?"

"నాలుగు" అన్నారు రామ్మోహన్ రావు గారు, వరం అడిగినట్టు.

"దూది తెప్పించండి. కాటుక, కుంకం, పౌడరు హాస్టల్ పిల్లల దగ్గర తెస్తాను." నా వైపు తిరిగింది. "మీరు పెయింట్లాయనేనంట కదండీ. మా ఆయన చెయ్యి చూసి చెబుతున్నాను, ముఖమూ గోడే. ముందు ప్రైమరు మీరు కొట్టండి."

కొట్టాను. ఇందులో అతిశయోక్తి లేదు, ఉన్నా చాలా తక్కువ. ముందు తడిగుడ్డతో దుమ్ము తీశాను. పౌడరు, కొబ్బరినూనె కలిపి పల్చటి పూత, అది ఆరాక రెండో పూత. మందంగా ఒకే పూత వేస్తే పెచ్చులూడుతుందని ఎంతమంది కస్టమర్లకి చెప్పానో, ఆ మాటలే శంకర్ బుగ్గలకి చెప్పాను. ఒక భటుడి నుదురు ఎంతకీ ఆరలేదు. "ఇది చెమ్మ గోడ, ఫ్యాను కింద కూర్చోబెట్టండి" అన్నాను. ఆసుపత్రి ఎదుటి మందుల షాపులో దూది కట్టలు కట్టలుగా దొరికింది. ప్లాస్టరు పట్టీలూ దొరికాయి గానీ ఆ చెమట మీద అవి అయిదు నిమిషాలు నిలబడలేదు.

"జిగురు కావాలండి" అంది గ్రేసమ్మ.

శంకర్ బైండింగు గమ్ము చూపిస్తే రాజుగారు వెనక్కి దూకారు. అప్పుడు గుర్తొచ్చింది, నా సంచిలోని తాపేశ్వరం కాజా. ఒక్కటి విరిస్తే దానిలోంచి కారే పాకానికి అంటుకోని వస్తువు గోదావరి జిల్లాల్లో ఇంతవరకు పుట్టలేదు. గ్రేసమ్మ వేలితో తీసి చూసి, "మా పాస్టరు గారికి కూడా చెబుతానండి ఈ సంగతి" అంది.

చివరికి రాణి మీసం మిగిలింది. డాక్టరు గారు గీయించనన్నారు. నేను దానిమీద పుట్టీ పెడదామన్నాను. గ్రేసమ్మ సంచిలోంచి ఆసుపత్రి మాస్కు ఒకటి తీసి మహారాణి చెవులకి తగిలించింది. "రాణిగారికి జలుబండి" అంది.

"నా రాణికి జలుబు లేదమ్మా! రెండో అంకంలో పాటుంది!" అన్నారు రచయిత.

"గొంతు బాగాలేకపోవడం మంచిదే కదండీ సార్" అంది గ్రేసమ్మ. ముందు రోజు రిహార్సల్ ఆమె విన్నదట.

కుళాయిపురంలో జరిగినది

అయిదింటికి తెర లేచింది. హాస్టల్ అమ్మాయిలు, కాలనీ కుటుంబాలు, ఆసుపత్రి నుంచి కాసేపు గాలి మార్పుకొచ్చిన రోగుల బంధువులు, హాలు నిండా జనం. మొదటి అంకం గంభీరంగా నడిచింది. రామ్మోహన్ రావు గారి గడ్డం ఛాతీ దాకా దిగి, నిజంగానే ఒక రాజ్యం ఎండిపోయిన బాధ దానిలో కనిపించింది. రెండో అంకంలో రాణి మాస్కులోంచి పాడింది. హాస్టల్ అమ్మాయిలు ఫోన్ల లైట్లు ఊపారు. డాక్టరు గారు దాన్ని మెచ్చుకోలు అనుకున్నారు. ఆయన సంతోషం ఆయనది.

మూడో అంకంలో దాహంతో కూలిపోతున్న రాజుని మంత్రి కౌగిలించుకోవాలి. "మహామంత్రీ, నా ప్రజలు జాగ్రత్త" అని రాజు కన్నుమూయాలి. మంత్రి విడిపించుకుని ముందుకొచ్చి ఆరు నిమిషాల ఉపన్యాసం ఇవ్వాలి.

కౌగిలింత అయింది. విడిపోవడం కాలేదు. రెండు గడ్డాలూ ఒక్కటై కూర్చున్నాయి. పాకం గట్టిపడింది. మంత్రి లాగాడు. చచ్చిపోయిన రాజు లేచి వచ్చాడు. మళ్లీ లాగాడు. మళ్లీ లేచాడు.

"కదలకయ్యా, నేను చచ్చిపోయాను" అన్నారు మహారాజు, మైకు ఉందని మర్చిపోయి.

"నన్ను సుత చావనియ్యి సార్, ఇంకో తొవ్వ లేదు" అన్నాడు మంత్రి. పక్కనే ఒరిగిపోయి తనూ ప్రాణం వదిలాడు. ఉపన్యాసం ఎవరూ ఇవ్వలేదు. తెర పడ్డాక కూడా హాలు చాలాసేపు చప్పట్లు కొట్టింది. తెర వెనక కత్తెరతో ఇద్దరినీ విడదీస్తుంటే రామ్మోహన్ రావు గారు మాత్రం కళ్లు తుడుచుకుంటున్నారు. "విషాదాంతమండీ అది. ఆరు నెలలు రాశాను."

"ఎవ్వరూ డబ్బులు వెనక్కి అడగలేదండి సార్" అంది గ్రేసమ్మ. ఆమెకి అంతకు మించి నాటకంతో పని లేదు. వాకిలి దగ్గర నిలబడి, బయటికెళ్లే జనాన్ని చివరి మనిషి దాకా చూసి వచ్చింది.

యూసుఫ్‌గూడ: మూడో అంతస్తు

సోమవారం మిషను వచ్చింది. లిఫ్టు లేదు. మూడు అంతస్తులు శంకర్ ముందు, నేను వెనక మోశాం. నిజం చెప్పాలంటే మోసింది శంకర్, నేను వైరు పట్టుకున్నాను. వైరు కూడా బరువే. ఒకే గది, ఒక కిటికీ, గోడలు మాత్రం అద్దంలా ఉన్నాయి. అద్దె గదికి అంత నున్నటి పని నేనెక్కడా చూడలేదు.

మధ్యాహ్నం ఆటోలో దేవదానాన్ని తెచ్చారు. ప్రతి మలుపులో కుర్చీ వేసి కూర్చోబెడుతూ ఎక్కించారు. సన్నటి మనిషి. మంచం మీద కూర్చున్నాక గ్రేసమ్మ మిషను మీట నొక్కింది. బుస్సుమని మొదలై, లయగా కొట్టుకోసాగింది. ముక్కుకి గొట్టం పెట్టింది. అతని పెదాల రంగు మెల్లగా మారింది. నాకు ఏడొందల షేడ్ల పేర్లు తెలుసు. ఆ రంగుకి పేరు తెలియదు.

కాసేపటికి నన్ను చూసి అడిగాడు. "డీలరంట కదండీ సార్ మీరు?"

"అవునయ్యా."

"డబ్బాలో పెయింటరుకని కంపెనీవాళ్లు టోకెను వేస్తారు కదండీ. మీ షాపులో ఆ టోకెను పెయింటరుకి అందుద్దా, లేక మీరే తీసేసుకుంటారా?"

శంకర్ పగలబడి నవ్వాడు. నేను కిటికీలోంచి యూసుఫ్‌గూడ అందాలు చూశాను.

కార్డు సంగతి అప్పుడు గుర్తొచ్చింది. మిషను చూడ్డానికి రామ్మోహన్ రావు గారు కూడా వచ్చి ఉన్నారు, గడ్డం ఊడిన చోట ఎర్రగా కందిపోయి. కలం తీశారు, ఆగిపోయారు. "హాజరైన సమావేశం అని ఉందండీ ఇక్కడ. నిన్న సమావేశం జరగలేదు. ముప్పై నాలుగేళ్ల సర్వీసులో తప్పుడు కాగితం మీద సంతకం పెట్టలేదు నేను."

నా పదకొండేళ్లు నా కళ్ల ముందు కుళాయిపురంలా ఎండిపోయాయి.

"కింద మేకప్ అని కూడా ఉంది కదండీ సార్" అన్నాడు దేవదానం మంచం మీంచి కార్డులోకి తొంగి చూసి, ఒక్కో మాటకీ ఊపిరి తీసుకుంటూ. "చేసిన పనేగా. ఎంతమందికో రాసేయండి."

రామ్మోహన్ రావు గారు ఆలోచించారు. రాశారు. 'మేకప్: ఎనిమిది. పని సంతృప్తికరం.' సంతకం పెట్టారు. పక్కన చిన్న అక్షరాలతో 'గడ్డములు మినహా' అని కూడా చేర్చారు.

మండపేట, గురువారం

మా వీర్రాజు గారు విత్తనాల వ్యాపారి. కాగితం మీద ఏముంటే అదే చదువుతారు, దాని వెనక ఏముందో అడగరు. గంట కొట్టి, కార్డు ఎత్తి పట్టుకుని సభకి చదివి వినిపించారు. "మేకప్: ఎనిమిది! అబ్బాయ్ సూరిబాబు ఒక్క ప్రయాణంలో ఎనిమిది మేకప్పులు చేసుకొచ్చాడు! పోయిన వారానికి ఒకటి పోను, ఇంకా ఏడు నిలవున్నాయి. గడ్డములంటే ఏంటో మరి, హైదరాబాదువాళ్ల నిబంధన అయ్యుంటుంది."

నేను సవరిద్దామని లేచాను. అందరూ చప్పట్లు కొడుతున్నారు. కూర్చున్నాను.

రెండు నెలలు గడిచాయి. మొన్న గురువారం సాయంత్రం షాపు షట్టరు దించి క్లబ్బుకి బయల్దేరుతుంటే గ్రేసమ్మ ఫోన్ చేసింది.

"సార్, మీరన్నా చెప్పండి ఈయనకి. డాక్టరు రోజుకి కాసేపు మిషను ఆపి కూర్చోమన్నారండి. కూర్చోకుండా కిందికి దిగి ఓనరు గారి గేటుకి రంగేస్తానంటున్నారు. డబ్బా కూడా తెప్పించారు."

ఫోన్లో మిషను చప్పుడు కోసం చెవి పెట్టి విన్నాను. వినబడలేదు. ప్రెషరు కుక్కరు, ఎవరిదో టీవీ, ఆ తర్వాత మెట్ల మీద చెప్పుల శబ్దం. నెమ్మదిగా, ఆగి ఆగి, కానీ ఆయాసం లేకుండా దగ్గరికొచ్చింది.

"దేవదానం, సాండ్‌పేపరు ముట్టుకోవద్దు. నా మాట విను" అన్నాను.

"గీకడం లేదండీ సార్, ఉత్త బ్రష్షే. మాస్కు కూడా పెట్టుకున్నా, మా మహారాణిగారిదే" అన్నాడు. మాట మాటకీ మధ్య ఆగకుండానే అన్నాడు. "డబ్బా మూత ఇప్పుడే తీశానండి. టోకెను లేదు. మీ డీలర్లంతా ఒకటేనా సార్?"

ఏ కంపెనీ, ఏ సైజు, ఏ షాపు అని నేనూ, రంగు చిక్కదనం గురించి అతనూ చాలాసేపు పోట్లాడుకున్నాం. ఫోన్ పెట్టేసి చూస్తే ఏడున్నర. సందు చివరిదాకా పకోడీల వాసన వస్తోంది. గంట ఎప్పుడో కొట్టేశారు. ఫరవాలేదు. ఒకటి పోను, ఇంకా ఆరున్నాయి.